35 డిగ్రీల మెషిన్, 43 డిగ్రీల బెజవాడ: లినక్స్ హ్యాండ్‌హెల్డ్ వాడేవాళ్లకి ఒక వేసవి పాఠం

పోయిన వేసవిలో ఒక మధ్యాహ్నం నేను తొందరపడి ఒక తప్పు చేయబోయాను. రోహిణి కార్తె, టైమ్ మూడు. సత్యనారాయణపురంలో మా ఇంట్లో కరెంట్ పోయి అరగంట అయింది. ఇన్వర్టర్ మీద ఫ్యాన్ తిరుగుతోంది కానీ వచ్చేది వడగాలే. చేతిలో స్టీమ్ డెక్, అందులో ఎల్డెన్ రింగ్. పొద్దున ఏడింటికి 40 ఫ్రేమ్‌ల దగ్గర సాఫీగా ఆడిన అదే చోట, ఇప్పుడు 25 కూడా రావట్లేదు. గుర్రం పరిగెత్తడం మానేసి గెంతుతోంది.

నాకు వెంటనే వచ్చిన ఆలోచన: "ఇదంతా లినక్స్ వల్లే." స్టీమ్ ఓఎస్ తీసేసి విండోస్ వేద్దామని పెన్ డ్రైవ్ కూడా రెడీ చేశాను. పక్కన మా పిన్ని కొడుకు ఉన్నాడు, గుడివాడ నుంచి వచ్చాడు. కొత్తగా ఉద్యోగంలో చేరి, మొదటి జీతాల్లోంచి దాచిన డబ్బుతో హ్యాండ్‌హెల్డ్ కొనాలని ఆరు నెలలుగా నా బుర్ర తింటున్నాడు. వాడన్న మాట ఒకటే: "నువ్వే తీసేస్తుంటే నేనెందుకు కొనాలి అన్నయ్యా?"

ఆ మాటకి ఆగాను. వాడి డబ్బు నా అనుమానం మీద ఆధారపడి ఉంది. అనుమానం కరెక్టో కాదో ముందు తేల్చాలి కదా. ఆ రోజు తేల్చిందే ఈ పాఠం. స్టీమ్ డెక్ ఉన్నా, ఆర్ఓజీ ఎలై లాంటి వేరే హ్యాండ్‌హెల్డ్ ఉన్నా, పాత లాప్‌టాప్‌లో లినక్స్ వేసుకున్నా, మన ఊరి ఎండల్లో ఇది పనికొస్తుంది.

ముందు తేలాల్సింది: తప్పు లినక్స్‌దా, ఎండదా?

లినక్స్‌లో విండోస్ గేమ్ ఎలా నడుస్తుందో తెలిస్తే ఈ ప్రశ్నకి సగం జవాబు దొరుకుతుంది.

విండోస్ కోసం రాసిన గేమ్ డైరెక్ట్ ఎక్స్ భాషలో మాట్లాడుతుంది. లినక్స్‌లో గ్రాఫిక్స్ డ్రైవర్‌కి వచ్చిన భాష వల్కన్. మధ్యలో ఒక దుబాసీ కావాలి. ఆ దుబాసీల బృందం పేరే ప్రోటాన్. ఇందులో వైన్ అనేది విండోస్ సిస్టమ్ పిలుపులని చూసుకుంటుంది. ఇది 1993లో మొదలైన పాత ప్రాజెక్ట్. డీఎక్స్‌వీకే అనేది డైరెక్ట్ ఎక్స్ 11 వరకూ ఉన్న గేమ్‌ల గ్రాఫిక్స్ మాటలని వల్కన్‌లోకి మారుస్తుంది. డైరెక్ట్ ఎక్స్ 12కి వీకేడీ3డీ-ప్రోటాన్ ఉంది. అన్నిటినీ కలిపి వాల్వ్ కంపెనీ 2018 ఆగస్టులో ప్రోటాన్‌గా స్టీమ్‌లో పెట్టింది.

అంతకు ముందు పరిస్థితి గుర్తుచేసుకోండి. 2013లోనే లినక్స్‌కి స్టీమ్ వచ్చింది. 2015లో స్టీమ్ మెషిన్స్ అని టీవీ పక్కన పెట్టుకునే పీసీలు వచ్చాయి. ఎవరూ పెద్దగా కొనలేదు. ఎందుకంటే డెవలపర్ ప్రత్యేకంగా లినక్స్ వెర్షన్ చేస్తేనే గేమ్ ఉండేది, లేకపోతే లేదు. ప్రోటాన్ ఆ షరతు తీసేసింది. అందుకే 2022 ఫిబ్రవరిలో వచ్చిన స్టీమ్ డెక్ నిలబడింది. ఆ మెషిన్‌లో ఉన్న స్టీమ్ ఓఎస్ 3, ఆర్చ్ లినక్స్ మీద కట్టింది.

ఇప్పుడు అసలు పాయింట్. ప్రోటాన్ ఎమ్యులేటర్ కాదు. ప్రాసెసర్ ఇచ్చే పనిని మళ్లీ నకలు చేయదు. గేమ్ కోడ్ నేరుగా ప్రాసెసర్ మీదే నడుస్తుంది, పిలుపులు మాత్రమే అనువాదం అవుతాయి. ఆ అనువాదానికి కొంచెం ఖర్చు ఉంటుంది. కానీ ఆ ఖర్చు పొద్దున ఏడింటికీ, మధ్యాహ్నం మూడింటికీ ఒకటే. దుబాసీకి ఎండ తగలదు!

కాబట్టి మొదటి పరీక్ష ఇది. గేమ్ మొదలెట్టిన నిమిషం నుంచే, ఏ టైమ్‌లో ఆడినా ఒకేలా ఇబ్బంది ఉంటే ప్రోటాన్‌నో, గేమ్ సెట్టింగ్స్‌నో అనుమానించండి. మొదటి పది నిమిషాలు బాగుండి తర్వాత పడిపోతే, పొద్దున బాగుండి మధ్యాహ్నం పడిపోతే, అది వేడి.

రెండో పరీక్ష ఇంకా గట్టిది. లినక్స్‌కే నేరుగా తయారైన గేమ్ ఒకటి ఆడి చూడండి. డోటా 2, కౌంటర్ స్ట్రైక్ 2 రెండూ ఉచితం, రెండిటికీ సొంత లినక్స్ వెర్షన్ ఉంది, ప్రోటాన్ అక్కర్లేదు. నేను ఆ మధ్యాహ్నమే డోటా 2 పెట్టాను. అది కూడా పావుగంటలో డల్ అయిపోయింది. మధ్యలో దుబాసీ లేడు, అయినా ఇబ్బంది ఉంది. పెన్ డ్రైవ్ తీసి డ్రాయర్‌లో పడేశాను.

15 వాట్లు, ఒక బ్యారేజ్

స్టీమ్ డెక్‌లో ప్రాసెసర్, గ్రాఫిక్స్ రెండూ ఒకే చిప్‌లో ఉంటాయి. దాన్నే ఏపీయూ అంటారు. ఏఎండీ తయారీ, నాలుగు జెన్ 2 కోర్లు, ఎనిమిది ఆర్‌డీఎన్‌ఏ 2 గ్రాఫిక్స్ యూనిట్లు. ఈ మొత్తానికి కలిపి ఎక్కువలో ఎక్కువ ఇచ్చేది 15 వాట్లు. మీ ఇంట్లో ఒక ఎల్ఈడీ బల్బు తాగేంత.

కృష్ణా డెల్టా వాళ్లకి ఈ లెక్క కొత్త కాదు. ప్రకాశం బ్యారేజ్ దగ్గర నిలబడి చూడండి. పై నుంచి వచ్చిన నీళ్లు ఇన్నే. వాటిని ఇటు ఏలూరు కాలువకి, రైవస్ కాలువకి, బందరు కాలువకి, అటు గుంటూరు వైపు పశ్చిమ కాలువకి పంచాలి. ఒక కాలువకి తలుపులు ఎక్కువ ఎత్తితే ఇంకో కాలువకి తగ్గుతుంది. తగ్గినప్పుడు ముందు ఎండేది శివారు ఆయకట్టే.

ఏపీయూలో కూడా అంతే. సీపీయూ ఒక కాలువ, జీపీయూ ఇంకో కాలువ. 15 వాట్లే వస్తాయి. మీరు ఫ్రేమ్ రేట్‌కి హద్దు పెట్టకుండా వదిలేస్తే సీపీయూ వీలైనన్ని ఫ్రేమ్‌లు సిద్ధం చేద్దామని తన వాటా పెంచుకుంటుంది. జీపీయూకి తగ్గుతుంది. భారీ సీన్ వచ్చినప్పుడు, అంటే శివారుకి నీళ్లు చేరాల్సిన టైమ్‌కి, కాలువ ఖాళీ. అదే మీకు తెర మీద కనిపించే జెర్క్.

ఇక వేడి వచ్చిందంటే బ్యారేజ్‌లోకి వచ్చే నీళ్లే తగ్గుతాయి. చిప్ తనని తాను కాపాడుకోవడానికి 15 వాట్లని 12కో, 9కో దించుకుంటుంది. దీన్నే థ్రాటిలింగ్ అంటాం. ఎప్పుడు దించాలో, ఎంత దించాలో చిప్ ఇష్టం. అందుకే ఫ్రేమ్ రేట్ పడడమే కాదు, ఊగిసలాడుతుంది.

35 ఎక్కడి నుంచి వచ్చింది?

2022 జూలైలో యూరప్‌లో వడగాలులు వచ్చినప్పుడు వాల్వ్ ఒక హెచ్చరిక ఇచ్చింది. చుట్టూ ఉన్న గాలి 0 నుంచి 35 డిగ్రీల మధ్య ఉంటేనే స్టీమ్ డెక్ బాగా పనిచేస్తుందని, ఏపీయూ 100 డిగ్రీలకి చేరితే థ్రాటిల్ అవుతుందని, 105కి చేరితే ఆగిపోతుందని చెప్పింది. వాళ్లకి అది వార్త. మనకి 35 అంటే మార్చి నెల. మే వచ్చిందంటే 42, 43 మామూలు, కొన్ని రోజులు ఇంకా పైకి పోతుంది. సరదాగా బ్లేజ్‌వాడ అని ఊరికే అనరు కదా.

ఫ్యాన్ చేసే పని ఏంటో సరిగ్గా అర్థం చేసుకుందాం. ఫ్యాన్ చల్లదనం తయారు చేయదు. గదిలో ఉన్న గాలిని లోపలికి లాగి చిప్ వేడిని దాని మీద ఎక్కించి బయటికి తోస్తుంది. గది గాలే 43 ఉంటే, చిప్ 43కి కింద ఎప్పటికీ రాదు. ప్రతి వాట్ ఆ 43 మీద కొన్ని డిగ్రీలు పెంచుతూ పోతుంది. ఫార్ములా ఇంతే:

చిప్ వేడి = గది వేడి + (వాట్లు × ఒక్కో వాట్‌కి పెరిగే డిగ్రీలు)

లెక్క కోసం ఒక్కో వాట్‌కి 4 డిగ్రీలు పెరుగుతుందని అనుకుందాం.

గది 25 డిగ్రీలు, 15 వాట్లు: 25 + 60 = 85. హాయిగా ఉంది.
గది 35 డిగ్రీలు, 15 వాట్లు: 35 + 60 = 95. అంచు దగ్గర ఉంది.
గది 43 డిగ్రీలు, 15 వాట్లు: 43 + 60 = 103. వంద దాటింది, కాబట్టి థ్రాటిల్.
గది 43 డిగ్రీలు, 10 వాట్లు: 43 + 40 = 83. మళ్లీ హాయి.

నాలుగో లైన్ మళ్లీ చదవండి. ఊరి ఎండని మనం తగ్గించలేం. వాట్లని తగ్గించగలం. అయిదు వాట్లు వదులుకుంటే ఇరవై డిగ్రీలు మిగులుతున్నాయి. చిప్ తనంతట తాను భయపడి దించే ముందే, మనమే లెక్క ప్రకారం దించుకుంటే ఊగిసలాట పోతుంది.

ఇందులో 4 అనేది నేను లెక్క కోసం వేసిన అంకె. మీ మెషిన్ అంకె మీరే కనుక్కోవచ్చు, కష్టం కాదు. గోడకి తగిలించే థర్మామీటర్ ఒకటి గదిలో పెట్టండి. ఫోన్‌లో వెదర్ యాప్ చెప్పేది బయటి ఎండ, గది వేడి కాదు. ఒక గేమ్ పావుగంట ఆడాక తెర మీద ఏపీయూ డిగ్రీలు, వాట్లు చూడండి. డిగ్రీల్లోంచి గది వేడి తీసేసి, వాట్లతో భాగించండి. వచ్చిందే మీ అంకె. ఒక జాగ్రత్త: ఈ కొలత పొద్దున చల్లగా ఉన్నప్పుడు తీయండి. థ్రాటిల్ అవుతుండగా తీస్తే లెక్క తప్పుతుంది.

ఇంకో ఉపయోగం కూడా ఉంది. ఏడాది తర్వాత ఇదే కొలత మళ్లీ తీస్తే అంకె పెరిగిందనుకోండి, ఫ్యాన్‌లో దుమ్ము చేరిందని అర్థం. మన రోడ్ల దుమ్ముకి అది తప్పదు.

సెట్టింగ్స్: ఏది ముందు, ఏది తర్వాత

స్టీమ్ డెక్‌లో కుడివైపు కింద మూడు చుక్కల బటన్ నొక్కితే పక్కన మెనూ వస్తుంది. అందులో బ్యాటరీ గుర్తు ఉన్నదే పెర్ఫార్మెన్స్ విభాగం. ఈ వరసలో వెళ్లండి.

1. పెర్ఫార్మెన్స్ ఓవర్‌లే ఆన్ చేయండి. వాట్లు, డిగ్రీలు, ఫ్రేమ్‌లు తెర మూల కనిపిస్తాయి. ఇది లేకుండా చేసేదంతా గుడ్డెద్దు చేలో పడ్డట్టే.

2. గేమ్‌కి విడిగా ప్రొఫైల్ వాడమనే స్విచ్ ఆన్ చేయండి. లేకపోతే ఎల్డెన్ రింగ్ కోసం మార్చింది స్టార్‌డ్యూ వ్యాలీకి కూడా అంటుకుంటుంది.

3. ఫ్రేమ్ లిమిట్ పెట్టండి. ఇక్కడ ఒక చిన్న లెక్క ఉంది. 60 ఫ్రేమ్‌లంటే ఒక్కో ఫ్రేమ్‌కి 16.7 మిల్లీ సెకన్లు. 30 అంటే 33.3. మరి 40 అంటే? 25. సరిగ్గా రెండిటి మధ్యలో! అంకెల్లో 40 అనేది 30కి దగ్గరగా కనిపిస్తుంది కానీ, చేతికి తెలిసే స్పీడ్‌లో 30కీ 60కీ నట్టనడుమ ఉంటుంది. అందుకే హ్యాండ్‌హెల్డ్ వాడేవాళ్లు 40 అంటే ప్రాణం పెడతారు. స్టీమ్ డెక్ తెర రిఫ్రెష్ రేట్ కూడా దానికి తగ్గట్టు మారుతుంది కాబట్టి కదలిక సమంగా ఉంటుంది. మామూలు 60 హెర్ట్జ్ లాప్‌టాప్ తెర మీద మాత్రం 40 సరిగ్గా కుదరదు, అక్కడ 30 పెట్టుకోవడమే మేలు.

4. గేమ్ లోపల గ్రాఫిక్స్ తగ్గించండి. ముందు నీడలు, తర్వాత గడ్డి, ఆ తర్వాత రిఫ్లెక్షన్లు. తెర ఏడంగుళాలు, రిజల్యూషన్ 1280 × 800. అల్ట్రాకీ మీడియంకీ తేడా కనిపెట్టడం కష్టం, వాట్లలో మాత్రం తేడా బాగా కనిపిస్తుంది.

5. అన్నిటికన్నా చివర టీడీపీ లిమిట్. స్లైడర్ 3 నుంచి 15 వాట్ల వరకు ఉంటుంది. ఒక్కో వాట్ దించుతూ రండి. ఫ్రేమ్ రేట్ లిమిట్ కన్నా కిందికి పడిన చోట ఆగి, ఒక వాట్ వెనక్కి వెయ్యండి.

చాలామంది నేరుగా అయిదో స్టెప్‌కి దూకుతారు. నీళ్లు తగ్గించారు కానీ పంట మార్చలేదు. ఎండదా మరి? ముందు గేమ్ అడిగే పని తగ్గించాలి, తర్వాతే వాట్లు కోయాలి.

నాకేం వచ్చిందో ఉన్నదున్నట్టు చెప్తాను. ఎల్డెన్ రింగ్‌లో మధ్యాహ్నం పూట 40 రాలేదు. గ్రాఫిక్స్ కిందికి దించి, 30కి లాక్ చేసి, 10 వాట్లకి కట్టేస్తే 30 వచ్చింది, కానీ కదలకుండా వచ్చింది. 40కీ 22కీ మధ్య ఊగే దానికన్నా నిలబడిన 30 వెయ్యి రెట్లు నయం. తెల్లవారుజామున మళ్లీ 40కి మార్చుకుంటాను. నా రూల్ ఇప్పుడు ఇది: ఎండపూట హేడీస్, స్టార్‌డ్యూ వ్యాలీ లాంటి తేలిక గేమ్‌లు, పొద్దున్నే భారీ గేమ్‌లు. రైతు పొలానికి వెళ్లే టైమ్‌లే గేమర్‌కి కూడా!

కరెంట్ పోయినప్పుడు

స్టీమ్ డెక్ మొదటి మోడల్ బ్యాటరీ 40 వాట్ అవర్లు. 2023 నవంబర్‌లో వచ్చిన ఓలెడ్ మోడల్‌ది 50. చిప్‌తో పాటు తెర, వైఫై, ఫ్యాన్ అన్నీ కలిపి ఫుల్ లోడ్‌లో మెషిన్ మొత్తం 25 వాట్ల దగ్గరకి వెళ్తుంది. 40ని 25తో భాగిస్తే గంటా ముప్పై ఆరు నిమిషాలు. అదే మొత్తం 12 వాట్లకి తెస్తే మూడు గంటల ఇరవై నిమిషాలు. అంటే పైన వేడి కోసం చేసిన పనే బ్యాటరీకి కూడా మేలు చేస్తుంది. ఒకే మందు, రెండు రోగాలు.

ఇన్వర్టర్ ఉన్న ఇళ్లకి కూడా ఈ లెక్క ముఖ్యం. ఇళ్లల్లో మామూలుగా కనిపించే 12 వోల్టుల, 150 ఏహెచ్ బ్యాటరీలో కాగితం మీద 1800 వాట్ అవర్లు ఉంటాయి, వాడుకోగలిగేది అంతకన్నా తక్కువే. 350 వాట్ల గేమింగ్ పీసీ దాని మీద పెడితే ఇంట్లో అమ్మ చేత తిట్లు ఖాయం. హ్యాండ్‌హెల్డ్ చార్జర్ 45 వాట్లు మాత్రమే. ఫ్యాన్‌తో పాటు అది కూడా నడుస్తుంది.

కానీ ఆడుతూ చార్జింగ్ పెట్టినప్పుడు ఒకటి గుర్తుంచుకోండి. చార్జ్ అయ్యే బ్యాటరీ కూడా వేడి పుట్టిస్తుంది. లిథియం బ్యాటరీకి రెండు శత్రువులు: ఎక్కువ వేడి, ఎప్పుడూ నూరు శాతం నిండి ఉండడం. మన వేసవిలో రెండూ కలిసొస్తాయి. 2025లో వచ్చిన స్టీమ్ ఓఎస్ 3.7లో చార్జ్ 80 శాతం దగ్గర ఆపే సెట్టింగ్ ఇచ్చారు. ఎక్కువ సేపు ప్లగ్‌లో పెట్టి ఆడేవాళ్లు దాన్ని తప్పకుండా పెట్టుకోండి.

ఇంకో మూడు జాగ్రత్తలు. గాలి లోపలికి వెళ్లేది వెనక వైపు నుంచి, బయటికి వచ్చేది పై నుంచి. పరుపు మీద, దిండు మీద పెడితే ముక్కు మూసినట్టే. రెండు, బండి డిక్కీలోనో, ఎండలో ఆపిన కారులోనో వదిలేయొద్దు, ఆఫ్‌లో ఉన్నా సరే. మూడోది ఎవరూ చెప్పరు: ఏసీ గదిలో బాగా చల్లబడిన మెషిన్‌ని జూన్ ఉక్కపోతలోకి ఒక్కసారిగా తేవద్దు. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసా మీద నీళ్లు పట్టినట్టే దాని మీదా తేమ పడుతుంది. కేస్‌లోనే ఉంచి, ఒక అరగంట ఆగి తర్వాత ఆన్ చేయండి.

పైసా ఖర్చు లేకుండా ఇదే పాఠం: పాత లాప్‌టాప్

హ్యాండ్‌హెల్డ్ లేనివాళ్లు ఇక్కడి దాకా చదివి నిట్టూర్చక్కర్లేదు. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్ట్ అయిపోయింది. విండోస్ 11 ఎక్కని లాప్‌టాప్‌లు మన కాలేజీ పిల్లల దగ్గర ఇంకా ఉన్నాయి. వాటిలో లినక్స్ వేసి ప్రాక్టీస్ చేయొచ్చు. తెలుగు నేల మీద స్వేచ్ఛ లాంటి సంస్థలు ఇంజనీరింగ్ కాలేజీల్లో లినక్స్ ఇన్‌స్టాల్ చేయించడం ఏళ్ల క్రితమే మొదలుపెట్టాయి. కోడింగ్ కోసం వచ్చిన ఆ అలవాటు ఇప్పుడు గేమింగ్‌కి కూడా పనికొస్తోంది.

కొత్తవాళ్లకి లినక్స్ మింట్ సులువు. స్టీమ్ డెక్ లాంటి అనుభవమే కావాలంటే ఫెడోరా మీద కట్టిన బజైట్ ఉంది. స్టీమ్ ఇన్‌స్టాల్ చేశాక సెట్టింగ్స్‌లో కంపాటిబిలిటీ విభాగానికి వెళ్లి, అన్ని గేమ్‌లకీ ప్రోటాన్ ఆన్‌లో ఉందో లేదో చూడండి. వాట్లు, డిగ్రీలు చూడడానికి మ్యాంగోహడ్ అనే ఉచిత టూల్ ఉంది, స్టీమ్ డెక్ ఓవర్‌లే వెనక ఉన్నది కూడా అదే. ఫ్రేమ్ లిమిట్ దాంతోనే పెట్టొచ్చు. టీడీపీ స్లైడర్ బదులు డెస్క్‌టాప్‌లో ఉండే పవర్ సేవర్, బ్యాలెన్స్‌డ్ మోడ్‌లు వాడండి.

రెండు చోట్ల అందరూ పడతారు. ఒకటి: విండోస్ డ్రైవ్‌లో, అంటే ఎన్‌టీఎఫ్‌ఎస్ పార్టిషన్‌లో ఉన్న గేమ్‌లనే లినక్స్‌లో వాడాలని చూడడం. ప్రోటాన్ అక్కడ సరిగ్గా పనిచేయదు, గేమ్‌లు లినక్స్ పార్టిషన్‌లోనే పెట్టండి. రెండు: గ్రాఫిక్స్ మరీ పాతదైతే కుదరదు. ప్రోటాన్ 8 నుంచి వల్కన్ 1.3 కావాలి. ఇంటెల్ అయితే ఆరో తరం నుంచి, ఎన్విడియా అయితే జీటీఎక్స్ 900 సిరీస్ నుంచి చూసుకోండి. నాలుగో తరం ఐ3తో తంటాలు పడి లినక్స్‌ని తిట్టొద్దు.

ఏది ఆడలేం?

ఈ విషయంలో మొహమాటం లేకుండా చెప్పాలి. వాలరెంట్ లినక్స్‌లో రాదు, దాని వాన్‌గార్డ్ యాంటీ చీట్ విండోస్ కెర్నెల్ లోపల కూర్చుంటుంది. ఫోర్ట్‌నైట్ రాదు. అపెక్స్ లెజెండ్స్ ఒకప్పుడు చక్కగా నడిచేది, 2024 అక్టోబర్ 31న లినక్స్‌ని బ్లాక్ చేశారు. ఈజీ యాంటీ చీట్, బ్యాటిల్ ఐ రెండూ 2021లోనే ప్రోటాన్‌కి సపోర్ట్ ఇచ్చాయి. కానీ ఆన్ చేయాలా వద్దా అనేది గేమ్ కంపెనీ ఇష్టం. ఇది ప్రోటాన్ బాగుపడితే పోయే సమస్య కాదు. మీ ఫ్రెండ్స్ అంతా రాత్రి పదింటికి వాలరెంట్‌లో కలుస్తారంటే లినక్స్ హ్యాండ్‌హెల్డ్ మీకు సరిపోదు. కొనే ముందు మీరు ఆడే గేమ్‌ల పేర్లన్నీ ప్రోటాన్ డీబీ అనే సైట్‌లో వెతికి చూడండి.

ఇంకో మాట వారంటీ గురించి. స్టీమ్ డెక్‌ని వాల్వ్ ఇండియాలో అధికారికంగా అమ్మడం లేదు. ఇక్కడ దొరికేవన్నీ ఎవరో తెచ్చి అమ్మేవే. పాడైతే మీరే, మీ స్క్రూడ్రైవరే. మన ఎండలో వాడే మెషిన్‌కి ఇది చిన్న విషయం కాదు. ఇక్కడ సర్వీస్ కావాలంటే 2023లో ఇండియాకి వచ్చిన ఆర్ఓజీ ఎలై లాంటివి చూడొచ్చు. వాటితో విండోస్ వస్తుంది, కావాలంటే బజైట్ వేసుకోవచ్చు. 2025 మేలో వచ్చిన అప్‌డేట్ నుంచి స్టీమ్ ఓఎస్ కూడా ఎలై మీద మెరుగ్గా నడుస్తోంది. కానీ ఓఎస్ మార్చే ముందు వారంటీ షరతులు చదవండి. మెషిన్ ఏదైనా సరే, పైన చెప్పిన ఫార్ములా మారదు. ఎలై ఇంకా ఎక్కువ వాట్లు తీసుకోగలదు, అంటే ఇంకా ఎక్కువ వేడిని బయటికి తోయాలి కూడా.

మా తమ్ముడు ఏం చేశాడు?

ఆ రోజు సాయంత్రం వాడితో ఇదే అన్నాను: "ముందు నీ కాలేజీ లాప్‌టాప్‌లో నెల రోజులు లినక్స్ వాడరా. నువ్వు ఆడే గేమ్‌లు ఎన్ని నడుస్తాయో రాసుకో. అప్పటికీ కావాలనిపిస్తే కొను."

"అంటే కొనొద్దనేనా?" అని మొహం ముడుచుకున్నాడు.

"కొనొద్దని కాదు. తెలియకుండా కొనొద్దని."

వాడిది ఎనిమిదో తరం ఐ5, చిన్న ఎన్విడియా కార్డ్. గుడివాడలో వాళ్ల ఇల్లు డాబా పై అంతస్తు, మా ఇంటికన్నా వేడి. మొదటి వారం ఫోన్ చేసి రెండు గేమ్‌లు రావట్లేదన్నాడు. ఒకటి ఎన్‌టీఎఫ్‌ఎస్ సమస్య, అది తీరింది. రెండోది యాంటీ చీట్, అది తీరలేదు. ఆ గేమ్ లేకుండా ఉండగలడా అన్నది వాడే తేల్చుకోవాలి. మూడో వారం వాట్సాప్‌లో గోడ మీద కొత్త థర్మామీటర్ ఫొటో, కింద ఒక లెక్క పంపాడు: పొద్దున ఇంత, మధ్యాహ్నం ఇంత, నా అంకె ఇంత అని.

డబ్బు ఇంకా బ్యాంకులోనే ఉంది. కొంటాడేమో, కొనడేమో. కొన్నా కూడా మే నెల మధ్యాహ్నం గేమ్ నత్తలా నడిస్తే నాలాగా పెన్ డ్రైవ్ మాత్రం వెతకడు.

మీరూ ఈ ఆదివారం ఒక పని చేయండి. పొద్దున ఏడింటికి ఒకసారి, మధ్యాహ్నం మూడింటికి ఒకసారి అదే గేమ్, అదే సీన్, పావుగంట ఆడండి. గది వేడి, చిప్ వేడి, వాట్లు, ఫ్రేమ్‌లు, ఈ నాలుగూ కాగితం మీద రాయండి. పొద్దుటి కొలతతో మీ అంకె తీయండి. దాన్ని మధ్యాహ్నపు గది వేడికి ఫార్ములాలో పెట్టి, చిప్ 90 దాటకుండా ఎన్ని వాట్లు ఇవ్వొచ్చో లెక్కేయండి. ఆ వాట్లకి స్లైడర్ దించి, ఇంకోసారి ఆడి చూడండి.